కనబడని ఫైలు: విన్‌సాక్ చరిత్ర

1995 తరువాత కొన్ని సంవత్సరాలపాటు విండోస్ 95, విండోస్ 98 వ్యవస్థలను వాడినవారిలో అనేకులకు ఒక నల్లని తెర సుపరిచితం. కంప్యూటర్‌ను ఆన్ చేసిన కొద్దిసేపటికి, రంగుల చిత్రాలు ఇంకా రాకముందే, తెల్లని అక్షరాలలో ఒక సందేశం కనబడేది. విండోస్ నడవడానికి గాని, మరేదైనా ప్రోగ్రాం నడవడానికి గాని అవసరం కాగల ఒక ఫైలు దొరకలేదని, రిజిస్ట్రీలోనో సిస్టం.ఐఎన్ఐ అనే ఫైలులోనో దాని ప్రస్తావన ఉన్నది గాని ఆ ఫైలు మాత్రం లేదని దాని సారాంశం. చివర ఒక పేరు, వీనెట్‌సప్.వీఎక్స్‌డీ వంటిది. ఏదో ఒక మీట నొక్కితే ముందుకు సాగవచ్చునని ఒక సూచన. మీట నొక్కితే చాలాసార్లు యంత్రం ఏమీ జరగనట్లే పని మొదలుపెట్టేది. మరునాడు ఉదయం మళ్ళీ అదే తెర.

ఈ తెర తరచుగా ఒక సందర్భంలోనే ప్రత్యక్షమయ్యేది. విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థది కాక, మరొకరి నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను యంత్రంలో పెట్టినప్పుడో, పెట్టినదానిని తీసివేసినప్పుడో. చదివినవారు చేసే మొదటి పని ఆ ఫైలు కోసం వెదకడం. తెలిసినవారి కంప్యూటర్ నుండి దానిని ఫ్లాపీ మీద తెచ్చి పెట్టడం రెండవ పని. ఈ రెండవ పని వల్ల కొన్నిసార్లు మేలు జరిగేది, కొన్నిసార్లు ఉన్న బాధకు మరొకటి తోడయ్యేది.

సందేశాన్ని నిదానంగా చదివితే అందులో ఒకటి కాదు, రెండు సంగతులు ఉన్నవి. ఒక జాబితాలో పేరున్నది. ఆ పేరుగల వస్తువు అరలో లేదు. ఉపాధ్యాయులకు ఇది కొత్త పరిస్థితి కాదు. హాజరుపట్టీలో పేరున్నది, పిలిస్తే పలికేవాడు లేడు. పిల్లవాడు జ్వరంతో ఇంటిదగ్గర ఉండవచ్చు. లేదా బదిలీ పత్రం తీసుకొని వేరే ఊరి బడికి వెళ్ళిపోయినా పట్టీలో పేరు కొట్టివేయకపోయి ఉండవచ్చు. మొదటిదైతే పిల్లవాడు మళ్ళీ రావాలి; రెండవదైతే పట్టీ దిద్దాలి. వెళ్ళిపోయినవాణ్ణి పట్టుకొనివచ్చి బల్లమీద కూర్చోబెడితే పట్టీ సరిపోతుంది గాని చదువు సాగదు. ఇక మూడవ రకం ఒకటున్నది: అదే పేరుగల మరొక పిల్లవాడు లేచి ‘హాజరు’ అనడం. అన్నింటిలోకి ఇదే చిక్కు, ఎందుకంటే అప్పుడు ఏ దోషమూ పైకి కనబడదు. నెట్‌వర్క్ ఫైళ్ళ చరిత్రలో ఈ మూడు రకాలూ జరిగినవి. విచిత్రమేమంటే కథ మూడవదానితోనే మొదలైనది.

ముందుగా, ఒక ప్రోగ్రాం నడవడానికి మరెవరిదో ఫైలు ఎందుకు కావాలి? తెరమీద గీత గీయడం, అక్షరం వ్రాయడం, నెట్‌వర్క్ గుండా ఒక సందేశం పంపడం వంటి పనులు అన్ని ప్రోగ్రాములకూ కావలసినవే. ప్రతి ప్రోగ్రాం ఆ పనుల ఆదేశాలను తనలోనే మోసుకొని తిరిగితే ఒకే ఆదేశమాల పదిచోట్ల పదిసార్లు నిలవ ఉంటుంది. అందుకు బదులు వాటిని ఒక ప్రత్యేకమైన ఫైలులో ఉంచి, నడిచే సమయంలో ఎవరికి అవసరమైతే వారు పిలుచుకోవచ్చు. ఈ ఊహ 1960ల దశకంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ముఖ్యపాత్ర వహించి నిర్మించిన మల్టిక్స్ అనే వ్యవస్థలోనే ఆచరణకు వచ్చినది. మైక్రోసాఫ్ట్ 1985లో విండోస్ మొదటి రూపాన్ని విడుదల చేసినప్పుడు అది 256 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రాల మీద నడవవలసి ఉండెను. అంటే అన్ని పనులకూ కలిపి 2,62,144 అక్షరాలు పట్టే చోటు. నేడు 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి గల ఒక సామాన్యమైన చరవాణిలో దానికి 16,384 రెట్ల చోటున్నది. అంత ఇరుకులో కాపురం చేయవలసినవారికి ఉమ్మడి వస్తువులు తప్పనిసరి. అట్టి ఉమ్మడి ఫైళ్ళనే డీఎల్ఎల్ ఫైళ్ళు అన్నారు. యంత్రభాగాలను నడిపే ఉమ్మడి ఫైళ్ళలో ఒక రకానికి విండోస్ 95లో వీఎక్స్‌డీ అని పేరు.

ఊరికంతా ఒకటే బావి ఉంటే ఖర్చు కలిసివస్తుంది. అయితే అందులో ఎవరు ఏది కలిపినా ఊరంతా తాగవలసినదే. డీఎల్ఎల్ పద్ధతిలోని లాభమూ నష్టమూ ఈ ఒక్క మాటలో ఉన్నవి. నష్టం మొట్టమొదట గట్టిగా తెలిసిన రంగాలలో నెట్‌వర్క్ ఒకటి.

1992 ఏప్రిల్‌లో విడుదలైన విండోస్ 3.1లో ఇంటర్నెట్ భాష అయిన టీసీపీ/ఐపీ లేనే లేదు. ఆ భాష మాట్లాడవలసిన యంత్రాలకు దానిని వేరే సంస్థలు అమ్మేవి. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ వారిది ఒకటి, సన్ వారిది ఒకటి, నోవెల్ వారిది ఒకటి, నెట్‌మేనేజ్ వారిది మరొకటి. ఎవరి నెట్‌వర్క్ భాగం వారిదే, దానిని పిలిచే పద్ధతీ వారిదే. కాబట్టి ఉత్తరాలు చదివే ప్రోగ్రాం ఒకటి తయారుచేయదలచినవాడు దానిని నాలుగైదు రకాలుగా వ్రాయవలసి వచ్చేది, లేకపోతే ఒక సంస్థ కొనుగోలుదారులకే పరిమితం కావలసి వచ్చేది.

1991 అక్టోబరులో ఇంటర్‌ఆప్ అనే నెట్‌వర్క్ ప్రదర్శన సందర్భంగా మార్టిన్ హాల్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుని చొరవతో ఈ సంస్థలవారు కొందరు ఒకచోట కూర్చున్నారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు 1983లో యూనిక్స్ వ్యవస్థకు సమకూర్చిన సాకెట్ అనే పద్ధతిని ఆధారంగా తీసుకొని, విండోస్‌కు ఒక ఉమ్మడి ఒడంబడికను తయారుచేయాలని నిర్ణయమైనది. 1992 జూన్‌లో మొదటి ప్రతి, 1993 జనవరిలో 1.1 అనే స్థిరమైన ప్రతి వెలువడినవి. దానికి విండోస్ సాకెట్స్ అని పేరు, వాడుకలో విన్‌సాక్. పరస్పరం పోటీ పడుతున్న సంస్థలు ఏ ప్రభుత్వమూ, ఏ ప్రమాణాల సంఘమూ బలవంతపెట్టకుండానే ఏడాదిన్నర లోపల ఇంత వివరమైన ఒప్పందానికి రావడం మెచ్చుకోదగిన విషయం.

ఒడంబడికలో ఏమి ఉన్నదో చూడడం అవసరం. ప్రతి పనికి ఒక పేరు, ఒక వరుస సంఖ్య నిర్ణయించారు. వచ్చిన పిలుపును అంగీకరించే పనికి 1, చిరునామాకు కట్టుబడే పనికి 2, సాకెట్‌ను మూసే పనికి 3, అవతలి యంత్రంతో సంబంధం కలుపుకొనే పనికి 4, ఇట్లా. ప్రోగ్రాం ‘నాలుగవ పని చేయి’ అంటే, ఏ సంస్థ ఫైలు అయినా ఒకే పని చేయాలి. ఆ పనులన్నీ ఉండే ఫైలు పేరు కూడ నిర్ణయమైనది: విన్‌సాక్.డీఎల్ఎల్. ఎవరు తయారుచేసినా ఆ పేరే పెట్టాలి.

అసలు చిక్కు ఇక్కడే పుట్టినది. ఫైలుకు పైముఖం ఒకటే గాని లోపలి భాగం ఏ సంస్థది ఆ సంస్థకే ప్రత్యేకం. ఒక సంస్థ విన్‌సాక్.డీఎల్ఎల్ అదే సంస్థ అడుగున పెట్టిన నెట్‌వర్క్ భాగంతో తప్ప మాట్లాడలేదు. ఒకే ఆకారంలో ఉండి ఒకే తాళపు రంధ్రంలో దూరే రెండు తాళంచెవులలో ఒకటే తాళాన్ని తీసినట్లు, పేరు, సంఖ్యలు సరిపోయినా పని సరిపోయేది కాదు. ఒకే యంత్రంలో రెండు విన్‌సాక్‌లు చేరితే ఎవరు ఉండాలి, ఎవరు తొలగాలి, ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉండాలి అనే ప్రశ్నలను తేల్చే కట్టుబాటు ఏదీ ఆచరణలో నిలవలేదు. ఊరివారందరూ తమ పిల్లలకు ఒకే పేరు పెట్టుకొని, హాజరుపట్టీలో ఇంటిపేరు వ్రాయవద్దన్నట్లయినది.

దీనికి తోడు విండోస్ 3.1కు ఫైళ్ళను వెదికే ఒక వరుస ఉండేది. ప్రస్తుతం పని జరుగుతున్న ఫోల్డర్, ఆ తరువాత విండోస్ ఫోల్డర్, సిస్టం ఫోల్డర్, ప్రోగ్రాం తన ఫోల్డర్, చివరకు ‘పాత్’ అనే జాబితాలోని ఫోల్డర్లు. మొదట ఏది తగిలితే అదే. పైగా ఒక పేరుగల ఫైలు ఒకసారి జ్ఞాపకశక్తిలోనికి వచ్చిన తరువాత, అదే పేరుతో ఇంకెవరు అడిగినా దానినే అందించేది. కాబట్టి ఉదయం ముందుగా ఏ ప్రోగ్రాం తెరిచారన్నదాని మీద మధ్యాహ్నం ఏది పనిచేస్తుందన్నది ఆధారపడేది! ఒకరోజు సక్రమంగా నడిచిన ఉత్తరాల ప్రోగ్రాం మరొకరోజు మొరాయిస్తే, వాడేవారు ఆ ప్రోగ్రామునే తప్పుపట్టేవారు. నిజమైన కారణం దానికంటె ముందు తెరిచిన ప్రోగ్రాములో ఉండేది.

ఆ రోజులలో అన్నింటికంటె ఎక్కువగా వ్యాపించిన విన్‌సాక్ ఏ పెద్ద సంస్థదీ కాదు. ఆస్ట్రేలియాకు దక్షిణంగా ఉన్న టాస్మేనియా ద్వీపంలో, టాస్మేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ టాటమ్ దానిని తయారుచేశాడు. ట్రంపెట్ విన్‌సాక్ అని దాని పేరు, 1994లో విడుదలైనది. టెలిఫోను తీగ గుండా ఇంటర్నెట్‌ను ఇంటి కంప్యూటర్‌కు చేర్చడం దానివల్ల సులభమైనది. ముందు వాడి చూసి, నచ్చితే 25 డాలర్లు పంపమన్న పద్ధతి మీద అతడు దానిని పంచిపెట్టాడు. లక్షలమంది వాడుకొన్నారు, డబ్బు పంపినవారు స్వల్పం. పత్రికలతోపాటు ఉచితంగా ఇచ్చే ఫ్లాపీలలో అతని అనుమతి లేకుండా దానిని చేర్చిన ఒక ఇంటర్నెట్ సంస్థ మీద వ్యాజ్యం నడిచి, 1996లో ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం అది హక్కుల ఉల్లంఘనయే అని తీర్పు చెప్పినది. 2011లో ఈ సంగతి మళ్ళీ ప్రచారంలోకి వచ్చినప్పుడు, పాత రోజులలో చెల్లించని కొందరు అతనికి చందాలు పంపారు. పదిహేడేళ్ళు ఆలస్యమైన ఆ బాకీని గురించి అంతకంటె చెప్పేదేమున్నది?

భారతదేశంలో ప్రజలందరికీ ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. సరిగ్గా తొమ్మిది రోజుల తరువాత, ఆగస్టు 24న, విండోస్ 95 విడుదలైనది. అందులో టీసీపీ/ఐపీ ఉన్నది, విన్‌సాక్ కూడ ఉన్నది. పాత 16 బిట్ల ప్రోగ్రాములకు విన్‌సాక్.డీఎల్ఎల్, కొత్త 32 బిట్ల ప్రోగ్రాములకు డబ్ల్యుసాక్32.డీఎల్ఎల్. ఇంతకాలం బయటివారు తెచ్చిపెట్టిన వస్తువును ఇంటి యజమాని తానే సమకూర్చినాడన్నమాట. ఇక తగవు తీరవలసినది. కాని తీరలేదు. కారణం, అప్పటికే అంగడులలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలు. ఒక పాత ఇంటర్నెట్ పెట్టెను కొని కొత్త విండోస్ 95 మీద ఇన్‌స్టాల్ చేస్తే, అది తన విన్‌సాక్‌ను తెచ్చి కొత్తదాని మీద వ్రాసివేసేది. ఫైలు లోపల దాని ప్రతిసంఖ్య ఉంటుంది. దానిని పోల్చి, ఉన్నదానికంటె తెచ్చినది కొత్తదైతేనే మార్చవలెనని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టినది. ఆ నియమాన్ని పాటించని ఇన్‌స్టాల్ ప్రోగ్రాములు కోకొల్లలు.

ఈ దురాక్రమణను ఆపడానికి విండోస్ 95 నిర్మాతలు చేసిన ప్రయత్నాలను ఆ సంస్థ ఇంజనీరు రేమండ్ చెన్ తరువాతి కాలంలో వ్రాశాడు. అవి నవ్వు పుట్టించేవే గాని చాలా బోధపరుస్తవి. ముందుగా, ముఖ్యమైన ఫైళ్ళ మీద వ్రాయనీయకుండా అడ్డుకొని చూశారు. ఇన్‌స్టాల్ ప్రోగ్రాం తన పని విఫలమైనదని ప్రకటించి, సామానును సగం సర్ది సగం వదలి వెళ్ళిపోయేది. రెండవసారి దానిని మాయ చేయబోయారు: వ్రాయనిచ్చినట్లే నటించి, ఒక ఉత్తుత్తి ఫైలు మీద వ్రాయించారు. ఆ ప్రోగ్రాం వెనుదిరిగి తాను పెట్టిన ఫైలును పరీక్షించి, ఇది నేను పెట్టినది కాదని మళ్ళీ విఫలమైనదని చెప్పేది. ఈ భాగాలను నేరుగా కాపీ చేయవద్దు, మేమిచ్చే ప్రత్యేకమైన ప్రోగ్రాముతోనే పెట్టండి అని చెప్పి చూశారు. కొందరు ఆ ప్రోగ్రామును వినయంగా నడిపి, వెంటనే తమ పాత ఫైలును దానిమీద వ్రాసేవారు.

చివరకు ఆచరణలో నిలిచిన ఉపాయం ఇది. విండోస్ ఫోల్డర్‌లో సిస్‌బ్యాకప్ అనే మరుగు అర ఒకటి ఏర్పాటు చేసి, తరచుగా దెబ్బతినే ఫైళ్ళ నకళ్ళను అందులో దాచారు. ఎవరైనా ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏమీ అనకుండా కానిస్తారు. వారు వెళ్ళిన తరువాత విండోస్ ఆ ఫైళ్ళను ఒక్కొక్కటే చూస్తుంది. వచ్చిన ఫైలు దాచిన నకలుకంటె కొత్తదైతే దాని నకలును దాచుకొంటుంది. పాతదైతే దాచినదానిని తీసి మళ్ళీ యథాస్థానంలో పెడుతుంది. పెళ్ళివారు వెళ్ళేదాకా ఊరుకొని, ఆ తరువాత ఇల్లు సర్దుకొనే గృహిణి వంటిది ఈ పద్ధతి. దీనిలో అందం లేకపోవచ్చు, అవసరం మాత్రం తీరినది. కాని ఇది జాబితాలో ఉన్న కొద్ది ఫైళ్ళకే వర్తించేది, అరను చూసేదే గాని రిజిస్ట్రీ అనే పట్టీని చూసేది కాదు. మొదట చెప్పిన నల్లని తెర ఈ సందులోనుండే వచ్చినది.

వీనెట్‌సప్.వీఎక్స్‌డీ విండోస్ 95లో నెట్‌వర్క్‌కు సహాయపడే భాగాలలో ఒకటి. నెట్‌వర్క్ భాగాలను తీసివేసే సమయంలో ఫైలు పోయి ప్రస్తావన మిగిలితే ఆ సందేశం వస్తుంది. అప్పుడు చేయవలసినది ఏమిటి? మొదట అడగవలసిన ప్రశ్న ‘ఫైలు ఎక్కడ దొరుకుతుంది?’ అన్నది కాదు. ‘దీనిని పిలుస్తున్నది ఎవరు?’ అన్నది. పిలిచేవారు ఇంకా యంత్రంలో ఉంటే ఫైలు కావలసినదే. అప్పుడు విండోస్ సీడీలోని క్యాబ్ అనే మూటలలోనుండి దానిని ఎక్స్‌ట్రాక్ట్ అనే ఆదేశంతో తీసి పెట్టాలి, లేదా ఆ నెట్‌వర్క్ భాగాన్నే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. మరొక యంత్రం నుండి తెచ్చిన ఫైలు వేరే ప్రతికి చెందినదైతే పట్టీలో పేరు సరిపోయి సందేశం మాయమవుతుంది, తప్పు మాత్రం లోపలికి పోయి దాగుతుంది. అనుభవజ్ఞులు ఫ్లాపీ వైద్యాన్ని ఇష్టపడకపోవడానికి కారణం ఇదే.

పిలిచేవారు వెళ్ళిపోయి పేరు మాత్రమే మిగిలితే పట్టీని దిద్దాలి. ఇందులో అందరూ చెప్పుకొనే ఒక సులువు ఉండేది. మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ అనే భాగాన్ని కంట్రోల్ ప్యానెల్ ద్వారా మళ్ళీ చేర్చి, యంత్రాన్ని ఒకసారి ఆపి తెరిచి, అవసరం లేకుంటే అదే కంట్రోల్ ప్యానెల్ ద్వారా పద్ధతి ప్రకారం తొలగించడం. వెళ్ళిపోయిన పిల్లవాణ్ణి ఒక్కపూట పిలిపించి, బదిలీ పత్రం సక్రమంగా వ్రాయించి పంపడం వంటిదే ఇది. చేత్తో రిజిస్ట్రీని దిద్దడంకంటె ఇది క్షేమం, ఎందుకంటే ఒక భాగం పేరు పట్టీలో ఒక్కచోటనే ఉంటుందన్న నమ్మకం లేదు.

మరీ వింతగా, కొందరికి ఆ సందేశం ఏ ఫైలు పేరూ లేకుండా వచ్చేది. ఏదో ఫైలు లేదట, ఆ ఏదో ఏమిటో చెప్పదు! రిజిస్ట్రీలో వీఎక్స్‌డీల పేర్లు వ్రాసే చోట, స్టాటిక్‌వీఎక్స్‌డీ అనే గడి ఒకటి ఖాళీగానో, ఖాళీ జాగాలతోనో మిగిలిపోతే ఇట్లా జరిగేది. పేరు లేని పిల్లవాణ్ణి పిలిచి, పలకలేదని ఫిర్యాదు చేయడమన్నమాట. ఆ ఖాళీ గడిని తొలగించడమే దానికి మందు. ఇక్కడ పోయిన ఫైలంటూ ఏదీ లేదు. వెదికినవారు ఎంత వెదికినా దొరికేది కాదు.

ఇంకొక మోసం ఉన్నది. ఒక డీఎల్ఎల్ ఫైలు తనకు కావలసిన మరొక డీఎల్ఎల్‌ను పిలువవచ్చు, అది ఇంకొకదానిని పిలువవచ్చు. వరుసలో మూడవది లేకపోతే, ప్రోగ్రాం తాను పిలిచిన మొదటిదాని పేరునే చెప్పి, దొరకలేదని ఫిర్యాదు చేసే సందర్భాలు ఉన్నవి. చూస్తే ఆ మొదటి ఫైలు అరలో భద్రంగానే ఉంటుంది. ‘ఫైలు ఉన్నది గదా, లేదంటున్నదేమి?’ అని విసుగుకొన్నవారికి సమాధానం ఇదే. ఏది ఏదాని మీద ఆధారపడుతున్నదో చెట్టు కొమ్మలవలె గీసి చూపే డిపెండెన్సీ వాకర్ అనే పనిముట్టును స్టీవ్ మిల్లర్ అనే ఇంజనీరు తయారుచేసినది ఇందుకోసమే.

1996లో విన్‌సాక్ రెండవ ప్రతి వచ్చినది. ఆ ఏడు వెలువడిన విండోస్ ఎన్‌టీ 4.0లో అది చేరినది. మొదటి ప్రతి నేర్పిన పాఠం ఇందులో కనబడుతుంది. బయటి సంస్థలు ఇక ఉమ్మడి ఫైలునే మార్చనక్కరలేదు. ప్రోగ్రాములు పిలిచే ఫైలు, డబ్ల్యుఎస్2_32.డీఎల్ఎల్, విండోస్‌దే. బయటివారు తమ భాగాన్ని ఒక పొరగా దానికింద చేర్చుకొని, రిజిస్ట్రీలోని ఒక జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రోగ్రాం పంపిన సమాచారం ఒక పొర నుండి మరొక పొరకు చేతులు మారుతూ పోతుంది. పిల్లలకు తగని విషయాలను వడకట్టే సాఫ్ట్‌వేర్, వైరస్‌లను పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఈ సౌకర్యాన్ని సద్వినియోగం చేసుకొన్నవి.

బావిలో నీరు తోడి చేతిమీదుగా కడవలు అందించుకొనే వరుసను ఊహించుకోండి. మధ్యలో ఒకరు చెప్పకుండా లేచిపోతే అవతలివారికి చుక్క నీరు చేరదు. 2000 తరువాత కొన్ని ప్రకటనల ప్రోగ్రాములు, వాడేవారు సరిగా గమనింపకుండానే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చి ఈ వరుసలో కూర్చున్నవి. వాటిని గుర్తించినవారు కోపంతో ఆ ఫైళ్ళను తుడిచివేశారు. చెడు ప్రోగ్రాములను ఏరివేసే కొన్ని పనిముట్లు కూడ ఆ పనే చేసినవి. ఫైలు పోయినది, జాబితాలో పేరు మిగిలినది. అంతటితో ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయేది. తీగ బాగున్నది, మోడెం బాగున్నది, సంబంధం కలిసినట్లే తెర చెబుతున్నది, ఒక్క పుట కూడ తెరుచుకోదు. ఈసారి నల్లని తెర గాని ఫైలు పేరు గాని కనబడలేదు. పైగా దీనికి పరిష్కారం ఇంటర్నెట్‌లోనే ఉండేది. పోయినది ఆ ఇంటర్నెట్టే! ఇరుగుపొరుగు యంత్రంలో వివరం చదివి, కాగితం మీద వ్రాసుకొనివచ్చి బాగుచేసుకొన్నవారు ఆ రోజులలో ఎందరో.

విండోస్ ఎక్స్‌పీ మొదటి రోజులలో దీనికి చేసే చికిత్స కొంత మొరటుది: రిజిస్ట్రీలోని విన్‌సాక్ జాబితాలను రెండింటినీ తొలగించి, టీసీపీ/ఐపీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌లో మైక్రోసాఫ్ట్ ఒక ఆదేశాన్ని చేర్చినది: నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్. అది పొరల జాబితాను చెరిపి, విండోస్ మొదట ఎట్లా వచ్చినదో అట్లా తిరిగి వ్రాస్తుంది. దెబ్బతిన్నది పట్టీ అయినప్పుడు పట్టీని తిరిగి వ్రాయడమే చికిత్స అన్న విషయం ఇక్కడ ఒక ఆదేశరూపం దాల్చినది. ఈ ఆదేశం ఇప్పటి విండోస్‌లో కూడ ఉన్నది. దానివల్ల అక్రమంగా చేరిన పొరలతోపాటు సక్రమంగా చేరినవీ పోతవి కాబట్టి, వాటిని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవలసి ఉంటుంది.

ఈ మధ్యకాలంలో ఉమ్మడి ఫైళ్ళ కాపలా కూడ కట్టుదిట్టమవుతూ వచ్చినది. విండోస్ 98లో సిస్టం ఫైలు చెకర్ అనే పరీక్షకుడు వచ్చినాడు. చెడిన ఫైలును చూపి సీడీ నుండి తిరిగి తెచ్చేవాడు. 2000 ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000లో ఆ పని దానంతటదే జరిగే ఏర్పాటు చేశారు: రక్షిత ఫైలును ఎవరైనా మార్చిన మరుక్షణం, డీఎల్ఎల్‌క్యాష్ అనే అరలోని నకలుతో విండోస్ దానిని సరిచేసేది. 2001 నాటి ఎక్స్‌పీలో ఒకే పేరుగల రెండు ప్రతులు పక్కపక్కన ఉండి, ఏ ప్రోగ్రామునకు కావలసినది దానికి అందే పద్ధతి ప్రవేశించినది. 2007 జనవరిలో ప్రజలకు అందిన విండోస్ విస్టాలో సిస్టం ఫైళ్ళకు యజమాని ఎవరో స్పష్టంగా వ్రాసిపెట్టారు. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ఆ యజమానికి తప్ప, యంత్రపు నిర్వాహకునికి సైతం వాటిని మార్చే హక్కు మామూలుగా లేదు. 1993 ఒడంబడికలో ఫైలుకు పేరు పెట్టి యజమానిని నిర్ణయించని లోటు తీరడానికి ఇంతకాలం పట్టినది.

అయితే కాపలాదారు చూసేది ఫైళ్ళను మాత్రమే. పొరల జాబితా రిజిస్ట్రీలోని సమాచారం కాబట్టి అది చెడినప్పుడు సిస్టం ఫైలు చెకర్‌ను నడిపితే, అన్ని ఫైళ్ళూ క్షేమంగానే ఉన్నవని సమాధానం వస్తుంది. ఆ సమాధానం అబద్ధం కాదు. తరగతిలో పిల్లలందరూ ఆరోగ్యంగా ఉన్నారని వైద్యుడు చెప్పినంత మాత్రాన హాజరుపట్టీ సరిగా ఉన్నదని అర్థం కాదు గదా. రెండు పరీక్షలూ వేరు; ఏది చెడిపోయినదో తెలిసినవారికే ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది.

బయటివారి పొరలను చేర్చే పద్ధతిని 2012లో, విండోస్ 8 నాటికి, ఇక వాడవద్దని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. విస్టాతో వచ్చిన వడపోత వేదిక దాని స్థానాన్ని తీసుకొన్నది. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు కాబట్టి, అందరూ కొట్లాడిన ఆ విన్‌సాక్.డీఎల్ఎల్ వాటిలో లేదు. డబ్ల్యుసాక్32.డీఎల్ఎల్ మాత్రం ఉన్నది. దానిని పిలిచే పాత ప్రోగ్రాముల పిలుపులను అది డబ్ల్యుఎస్2_32.డీఎల్ఎల్‌కు అందజేస్తుంది. ఆ ఫైలులో నేటికీ పిలుపును అంగీకరించే పని సంఖ్య 1, అవతలి యంత్రంతో సంబంధం కలుపుకొనే పని సంఖ్య 4.